యూనిక్స్ పోర్టింగ్ చరిత్ర: మినీ కంప్యూటర్ నుంచి తొలి పర్సనల్ కంప్యూటర్ల వరకు – తెలుగు దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక యంత్రం కోసం రాసిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను మరో యంత్రంపై నడిచేటట్లు చేయడాన్ని పోర్టింగ్ అంటారు. 1970లలో పీడీపీ-11 మినీ కంప్యూటర్‌పై స్థిరపడిన యూనిక్స్, 1980లలో ఇంటెల్, మోటరోలా మైక్రోప్రాసెసర్లతో తయారైన చిన్న యంత్రాలకు చేరిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మూల రచయితలకు సైతం తెలియకుండా ప్రోగ్రాంలో దాగి ఉన్న ఊహలు పోర్టింగ్ సమయంలోనే బయటపడ్డాయనీ, కనుక పోర్టింగ్ పనిని కంప్యూటర్ చరిత్రకు ఒక ఆధారంగా చదవాలనీ ఇందులోని ప్రతిపాదన. ఆ ఊహల్లో ఒకటైన ఏడు బిట్ల అక్షరం తెలుగు లిపికి ఎలా అడ్డు నిలిచిందో, భారతీయ బ్యాంకుల ద్వారా యూనిక్స్ మన ప్రాంతానికి ఎలా చేరువైందో కూడా చర్చించడం జరిగింది.

కీలక పదాలు: యూనిక్స్, పోర్టింగ్, పీడీపీ-11, జెనిక్స్, మినిక్స్, ఈసీఐఎల్, ఇస్కీ, యూటీఎఫ్-8, కామారెడ్డి, ఎల్లారెడ్డి.

1. ఉపోద్ఘాతం

కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి పట్టణాల్లో డిగ్రీ స్థాయిలో కంప్యూటర్ సైన్స్ చదివే విద్యార్థులు ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో ప్రాసెస్, ఫోర్క్, పైప్, ఐనోడ్ అనే మాటలను నేర్చుకుంటారు. నిర్వచనాలుగా నేర్చుకుంటారు, పరీక్షలో రాస్తారు. ఈ మాటలకు పుట్టిన చోటు ఒకటి ఉందనీ, పుట్టిన యంత్రం ఒకటి ఉందనీ, ఆ యంత్రం పరిమితులే ఈ భావనల ఆకృతిని చాలావరకు నిర్ణయించాయనీ పాఠ్యపుస్తకాలు అరుదుగా చెబుతాయి. సాహిత్య విద్యార్థికి ఒక పద్యాన్ని కవి, కాలం, ఛందస్సు ఏవీ చెప్పకుండా బోధిస్తే ఎలా ఉంటుందో, ఇదీ అలాగే ఉంటుంది.

తెలుగులో కంప్యూటర్ చరిత్ర రచన సాధారణంగా రెండు దారులు పట్టింది. ఒకటి యంత్రాల చరిత్ర: హైదరాబాద్‌లో ఏ సంస్థ ఏ యంత్రాన్ని ఎప్పుడు చేసింది అన్నది. రెండోది లిపి చరిత్ర: తెలుగు అక్షరం తెరపైకి ఎలా వచ్చింది, ఏ ఫాంటు ఎవరు చేశారు అన్నది. ఈ రెంటికీ నడుమ ఒక పొర ఉంది. యంత్రాన్నీ అక్షరాన్నీ కలిపే ఆపరేటింగ్ సిస్టమ్ అనే పొర అది. దానిని వదిలేస్తే మిగిలిన రెండు చరిత్రలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఈ వ్యాసం ఆ నడిమి పొరను గురించినది.

పరిభాష విషయంలో ఒక మాట. పోర్టింగ్‌ను కొందరు ‘అనువాదం’ అంటారు. అనువాదంలో భాష మారుతుంది, చదివేవాడు మారతాడు. పోర్టింగ్‌లో భాష చాలావరకు అదే ఉంటుంది, కింద నేల మారుతుంది. నిజాంసాగర్ ఆయకట్టు రైతుకు చెప్పవలసి వస్తే నారుమడి నుంచి తీసి వేరే మడిలో నాటడంతో పోల్చవచ్చు. అయినా కొత్త పదాన్ని ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం కాదు కనుక పోర్టింగ్ అన్న వాడుక మాటనే స్వీకరిస్తున్నాను.

2. పుట్టిన యంత్రం

మల్టిక్స్ అనే భారీ ప్రయత్నం నుంచి బెల్ ప్రయోగశాలలు తప్పుకొన్న తరువాత, 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ తదితరులు పీడీపీ-7 అనే 18 బిట్ల యంత్రంపై యూనిక్స్‌కు శ్రీకారం చుట్టారు. కొద్దికాలానికే అది పీడీపీ-11కు మారింది. తొలి ఎడిషన్ మాన్యువల్ 1971 నవంబర్ 3 నాటిది. 1973లో కెర్నల్‌ను సి భాషలో తిరగరాశారు. అంతవరకు ఆపరేటింగ్ సిస్టమ్ అంటే అసెంబ్లీ భాషలో రాయవలసినదే అన్న అభిప్రాయం బలంగా ఉండేది.

1975లో వచ్చిన సిక్స్త్ ఎడిషన్ మన చర్చకు ముఖ్యం. దాని కెర్నల్ మొత్తం తొమ్మిది వేల పంక్తులకు లోబడినది. అంటే ఒక మనిషి ఆమూలాగ్రం చదివి మనసులో పెట్టుకోగల పరిమాణం. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ లయన్స్ ఆ మూలానికి పంక్తి పంక్తికీ వ్యాఖ్యానం రాసి తన విద్యార్థులకు పాఠం చెప్పాడు. మూలం ఒక సంపుటం, వ్యాఖ్య ఒక సంపుటం. మన సంప్రదాయంలో కావ్యానికి టీక రాయడం వంటి పని ఇది. 1979లో సెవెన్త్ ఎడిషన్ వెలువడింది. దాని లైసెన్సు తరగతి గదిలో మూలాన్ని బోధించడాన్ని నిషేధించింది. లయన్స్ టీక ఆ తరువాత రెండు దశాబ్దాల పాటు ఫోటోకాపీల ద్వారానే చేతులు మారి, 1996లో గాని అధికారికంగా అచ్చు కాలేదు.

పీడీపీ-11 లక్షణాల్లో రెండింటిని గుర్తుంచుకోవాలి. ఒక ప్రోగ్రాం ఒక్కసారిగా చూడగల మెమరీ 64 కిలోబైట్లు మాత్రమే. 11/45, 11/70 వంటి పెద్ద నమూనాల్లో ఆదేశాలకు 64, దత్తాంశాలకు మరో 64 కిలోబైట్లు వేరువేరుగా దొరికేవి. రెండవది, ఒక ప్రోగ్రాం మరొకదాని మెమరీని తాకకుండా కాపాడే హార్డ్‌వేర్ ఏర్పాటు, కెర్నల్‌కూ వాడుకరికీ వేర్వేరు అధికార స్థాయిలు అందులో ఉన్నాయి. యూనిక్స్‌లో ‘ఒకే యంత్రంపై అనేకులు’ అన్న భావన ఈ రెండో లక్షణంపై ఆధారపడి నిలిచింది.

3. మొదటి పోర్టింగ్, ఒక ప్రసిద్ధ వ్యాఖ్య

1977లో దాదాపు ఒకే కాలంలో రెండు చోట్ల యూనిక్స్ పీడీపీ వంశం దాటింది. ఆస్ట్రేలియాలోని వొలొంగాంగ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మిల్లర్ ఇంటర్‌డేటా 7/32 పైకి, బెల్ ప్రయోగశాలల్లో రిచీ, స్టీఫెన్ జాన్సన్ తదితరులు ఇంటర్‌డేటా 8/32 పైకి తీసుకుపోయారు. రెండూ 32 బిట్ల యంత్రాలే.

ఈ సందర్భంలో బయటపడిన విషయాల్లో నాకు అత్యంత విలువైనదిగా తోచేది ఒక వ్యాఖ్యకు సంబంధించినది. సిక్స్త్ ఎడిషన్ కెర్నల్‌లో ఒక ప్రాసెస్ నుంచి మరో ప్రాసెస్‌కు అధికారం మారే చోట, ఇది మీకు అర్థం కావాలని ఎవరూ ఆశించడం లేదన్న అర్థంలో రచయితలు ఒక చిన్న వ్యాఖ్య రాసి పెట్టారు. దశాబ్దాలుగా ప్రోగ్రామర్ల లోకంలో అది ఒక హాస్యోక్తిగా, కొందరి దృష్టిలో అహంకారపు మాటగా ప్రచారంలో ఉంది. తరువాతి కాలంలో రిచీ ఇచ్చిన వివరణ వేరు. ఆ చోట ఏమి జరుగుతోందో తమకు కూడా అప్పటికి పూర్తిగా తెలియదని ఆయన ఒప్పుకున్నాడు.

విషయం ఇది. కెర్నల్ ఒక ఫంక్షన్‌లో ఉండగా స్టాక్ స్థితిని భద్రపరచి, వేరొక ఫంక్షన్‌లో ఆ స్థితిని తిరిగి ఎత్తుకుని, అక్కడి నుంచి ‘రిటర్న్’ చేస్తుంది. అంటే ఒక ఇంటి తాళంచెవితో మరో ఇంటి తలుపు తీయడం. పీడీపీ-11 సి కంపైలర్ అన్ని ఫంక్షన్లకూ ఒకే పద్ధతిలో రిజిస్టర్లను దాచేది కాబట్టి అన్ని తాళాలూ ఒకటే, ఆ చెవి పనిచేసింది. ఇంటర్‌డేటా కంపైలర్ ప్రతి ఫంక్షన్ వాడే రిజిస్టర్లను బట్టి తిరిగి వచ్చే పద్ధతిని మార్చేది. అక్కడ అదే చెవి పనికిరాలేదు. సెవెన్త్ ఎడిషన్ నాటికి ఆ యంత్రాంగాన్ని మార్చవలసి వచ్చింది.

ఏళ్ల తరబడి సక్రమంగా నడిచిన ప్రోగ్రాంలో దోషం ఉన్నట్లు, నేల మారినప్పుడే తెలిసింది. చరిత్రకారుడికి ఇది ముఖ్యమైన సూచన. మూల ప్రతిని ఎంత జాగ్రత్తగా చదివినా రచయిత చెప్పకుండా ఊహించుకున్నది అందులో కనిపించదు. ఎందుకంటే అది రాతలో లేదు, కింద ఉన్న యంత్రంలో ఉంది. పోర్టింగ్ చేసినవారి మార్పులను మూలంతో పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ ఊహ ఎక్కడెక్కడ ఉందో గుర్తు పెట్టినట్లు తేలుతుంది. పాఠపరిష్కరణలో పాఠాంతరాలు చేసే పనినే ఇక్కడ పోర్టింగ్ చేస్తుంది.

ఇలాంటివి చిన్నవి మరికొన్ని ఉన్నాయి. రెండు బైట్ల సంఖ్యలో ఏ బైటు ముందు నిలవాలన్న విషయంలో యంత్రాల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఒకరి క్రమం మరొకరికి తారుమారుగా కనిపిస్తుంది. నాలుగు బైట్ల సంఖ్య విషయంలో పీడీపీ-11ది మరీ విచిత్రమైన పద్ధతి: రెండు సగాల్లో పెద్ద విలువ గలది ముందు, ఒక్కో సగంలో చిన్న విలువ గల బైటు ముందు. ఇంటెల్ ప్రాసెసర్‌లో రెండు చోట్లా చిన్నదే ముందు. కనుక సెవెన్త్ ఎడిషన్ డిస్కును ఇంటెల్ యంత్రం చదవాలంటే ప్రతి నాలుగు బైట్ల సంఖ్యలోనూ సగాలను తిప్పుకోవాలి. అలాగే గడియారం. పీడీపీ-11 కాలగణన విద్యుత్ సరఫరా డోలనాలపై ఆధారపడేది. అమెరికాలో అది సెకనుకు 60, మన దేశంలో, ఆస్ట్రేలియాలో 50. కెర్నల్‌లో 60 అని రాసిన ఒక్క అంకెను మార్చకపోతే కంప్యూటర్‌లో గంట గడిచేసరికి బయట 72 నిమిషాలు గడిచి ఉంటాయి. అమెరికా కరెంటు తీగ కూడా ఆపరేటింగ్ సిస్టమ్‌లో భాగమే అన్నమాట.

4. చిన్న యంత్రాల్లోకి

మైక్రోప్రాసెసర్లపై యూనిక్స్ ప్రయత్నం బెల్ ప్రయోగశాలల్లోనే మొదలైంది. హైంజ్ లిక్లమా 1970ల చివర, మెమరీ రక్షణ లేని చిన్న పీడీపీ-11ల కోసం మినీ-యూనిక్స్‌ను, ఎల్‌ఎస్‌ఐ-11 మైక్రోప్రాసెసర్ కోసం ఎల్‌ఎస్‌ఎక్స్‌ను తయారుచేశాడు. రెండోది ఫ్లాపీ డిస్కులతో, కొన్ని పదుల కిలోబైట్ల మెమరీతో నడిచింది. ఒక్క వాడుకరికి సరిపడే యూనిక్స్ అది.

అదే కాలంలో చిన్న యంత్రాల లోకంలో మరో దారి కూడా ఉంది. గ్యారీ కిల్డాల్ రూపొందించిన సీపీ/ఎం అనే వ్యవస్థ యంత్రానికి సంబంధించిన భాగాన్నంతా బయాస్ అనే చిన్న ముక్కలో వేరుచేసింది. కొత్త యంత్రం వస్తే ఆ ముక్కను మాత్రం తిరగరాస్తే చాలు. అయితే ప్రాసెసర్ మాత్రం 8080 గాని, దానికి సరిపడే జెడ్-80 గాని అయి ఉండాలి. సీపీ/ఎం యంత్రాల మధ్య సులభంగా తిరిగింది, ప్రాసెసర్ల మధ్య తిరగలేకపోయింది. యూనిక్స్ ప్రాసెసర్ల మధ్య తిరిగింది, ప్రతిసారీ కష్టపడి తిరిగింది.

1980 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ సంస్థ, ఏటీ అండ్ టీ నుంచి సెవెన్త్ ఎడిషన్ లైసెన్సు తీసుకుని జెనిక్స్ అనే పేరుతో మైక్రోప్రాసెసర్ యంత్రాలకు అందిస్తున్నట్లు ప్రకటించింది. యూనిక్స్ అనే పేరును లైసెన్సుదారులు వాడుకోరాదు గనుక ఈ కొత్త పేరు. మరుసటి ఏడు 1981 ఆగస్టు 12న ఐబీఎం పీసీ వెలువడింది. ఇంటెల్ 8088 ప్రాసెసర్, 4.77 మెగాహెర్ట్జ్ వేగం, ఫ్లాపీ డిస్కు. 1983 మార్చిలో వచ్చిన పీసీ/ఎక్స్‌టీలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కు ఉంది. సిక్స్త్ ఎడిషన్ పంపిణీ అయిన ఆర్‌కే05 డిస్కు సామర్థ్యం రెండున్నర మెగాబైట్లకు లోపే అని గుర్తు చేసుకుంటే, స్థలం విషయంలో చిన్న యంత్రం అప్పటికే పెద్ద యంత్రాన్ని దాటిపోయిందని అర్థమవుతుంది. అడ్డంకి స్థలం కాదు.

8086, 8088 ప్రాసెసర్లలో మెమరీని 64 కిలోబైట్ల సెగ్మెంట్లుగా చూస్తారు. ప్రోగ్రామర్లు ఈ ఏర్పాటును చాలాకాలం తిట్టుకున్నారు. కానీ పీడీపీ-11 నుంచి వచ్చిన ప్రోగ్రాంకు ఈ కొలత తెలిసినదే: ఆదేశాలకు 64, దత్తాంశాలకు 64. అంతకన్నా విశేషం మరొకటి ఉంది. యూనిక్స్‌లో ఫోర్క్ అనే పిలుపు నడుస్తున్న ప్రాసెస్‌కు అచ్చమైన నకలు తీస్తుంది. నకలు మెమరీలో వేరొక చోట ఉండాలి, కాని అందులోని చిరునామాలన్నీ మొదటిదానివే. ప్రతి చిరునామానూ సెగ్మెంట్ మొదలు నుంచి లెక్కిస్తుంది కనుక, 8086లో కెర్నల్ సెగ్మెంట్ రిజిస్టర్లను మార్చితే చాలు, నకలు ఎక్కడున్నా నడుస్తుంది. ప్రాసెస్‌ను కదిలించే సౌకర్యం ఉంది. లేనిది రక్షణ. ఏ ప్రోగ్రామైనా ఆ రిజిస్టర్లను తానే మార్చుకుని పొరుగువాడి మెమరీలోకి, చివరకు కెర్నల్‌లోకే చొరబడగలదు. అధికార స్థాయిలు అనేవే ఆ ప్రాసెసర్‌లో లేవు. ఎక్స్‌టీపై జెనిక్స్, వెంచర్‌కామ్ సంస్థ వారి వెనిక్స్, ఐబీఎం కోసం ఇంటరాక్టివ్ సిస్టమ్స్ చేసిన పీసీ/ఐఎక్స్ ఈ లోటుతోనే నడిచాయి. తప్పు ప్రోగ్రాం ఒక్కటి చాలు, అందరూ ఆగిపోవడానికి.

మోటరోలా 68000 పరిస్థితి ఇందుకు సరిగ్గా తలకిందులు. అందులో అధికార స్థాయిలు ఉన్నాయి, చిరునామాల విస్తీర్ణం విశాలం, సెగ్మెంట్ల బాధ లేదు. కానీ సెగ్మెంట్లు లేకపోవడం వల్లనే నకలును వేరొక చోట ఉంచి నడపడం కష్టమైంది. తయారీదారులు ప్రాసెసర్ బయట మెమరీ నిర్వహణ సర్క్యూట్‌ను సొంతంగా చేర్చుకోవలసి వచ్చింది. పైగా తప్పు చిరునామా తగిలి మధ్యలో ఆగిన ఆదేశాన్ని తిరిగి సవ్యంగా మొదలుపెట్టే శక్తి 68000కు లేదు. ఆ లోపాన్ని 68010లో సరిదిద్దారు. ఇన్ని చిక్కులున్నా, టాండీ సంస్థ తన మోడల్ 16 యంత్రంపై 68000తో జెనిక్స్‌ను అమ్మింది. చిన్న వ్యాపార సంస్థల కార్యాలయాల్లో ఆ యంత్రాలు విరివిగా నడిచాయి.

రక్షణ సౌకర్యం గల 80286తో ఐబీఎం పీసీ/ఏటీ 1984లో వచ్చింది. 1985లో 80386 వచ్చిన తరువాత ఈ కథలో హార్డ్‌వేర్ అడ్డంకి దాదాపు తొలగిపోయింది. అప్పటికి మిగిలిన అడ్డంకి లైసెన్సు. దానికి జవాబుగా ఆండ్రూ టానెన్‌బామ్ 1987లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి మినిక్స్‌ను వెలువరించాడు. సెవెన్త్ ఎడిషన్ పిలుపులన్నీ ఉంటాయి, మూలంలోని ఒక్క పంక్తీ ఉండదు. మామూలు 8088 పీసీపై, హార్డ్ డిస్కు లేకుండా కూడా నడుస్తుంది. దానిని పోర్టింగ్ అనలేం, పునర్రచన అనాలి. ఆ మినిక్స్ యంత్రంపై పనిచేస్తూనే లైనస్ టోర్వాల్డ్స్ 1991లో 386 కోసం లినక్స్ మొదలుపెట్టిన సంగతి అందరికీ తెలిసినదే.

5. హైదరాబాద్, బ్యాంకులు, జిల్లా పట్టణాలు

ఈ ప్రయాణంలో తెలుగు నేల స్థానం ఏమిటి? 1967లో హైదరాబాద్‌లో స్థాపితమైన ఈసీఐఎల్, ఎ.ఎస్. రావు నాయకత్వంలో టీడీసీ శ్రేణి కంప్యూటర్లను తయారుచేసింది. టీడీసీ-12, టీడీసీ-312 యంత్రాలు 12 బిట్లవి, టీడీసీ-316 16 బిట్లది. ఇవి మినీ కంప్యూటర్ యుగానికి చెందినవి. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లింది, ఆ యంత్రాల నిర్వహణ భారాన్ని సీఎంసీ స్వీకరించింది. 1984 నవంబర్‌లో కొత్త కంప్యూటర్ విధానం వచ్చి దిగుమతుల నిబంధనలు సడలాయి.

అయితే యూనిక్స్‌ను దేశంలో నలుమూలలకూ తీసుకుపోయినవి ప్రయోగశాలలు కావు, బ్యాంకులు. రిజర్వు బ్యాంకు 1983లో సి. రంగరాజన్ అధ్యక్షతన నియమించిన కమిటీ 1984లో బ్యాంకుల యాంత్రీకరణపై నివేదిక ఇచ్చింది. శాఖల్లో అడ్వాన్స్‌డ్ లెడ్జర్ పోస్టింగ్ మెషీన్లు, పై కార్యాలయాల్లో మినీ కంప్యూటర్లు అన్నది అందులోని మార్గం. ఉద్యోగ సంఘాలతో యాంత్రీకరణపై ఒప్పందం 1983లోనే కుదిరింది. ‘కంప్యూటర్’ అనే మాట చుట్టూ అప్పుడున్న భయాన్ని ‘లెడ్జర్ పోస్టింగ్ మెషీన్’ అనే పేరే పట్టి ఇస్తుంది. బ్యాంకుల కొనుగోళ్లలో యూనిక్స్ ఒక ప్రమాణంగా నిలబడింది. ఏ ఒక్క తయారీదారుకూ కట్టుబడని వ్యవస్థ కావాలన్నది కారణం. ఫలితంగా దేశీయ సంస్థలు మోటరోలా, ఇంటెల్ ప్రాసెసర్లతో తాము చేసిన బోర్డులపై యూనిక్స్‌ను నడపడం నేర్చుకోవలసి వచ్చింది. నాలుగో భాగంలో చెప్పిన చిక్కులన్నీ వారి బల్లపైకి వచ్చాయి. తరువాతి సాఫ్ట్‌వేర్ ఎగుమతుల యుగానికి ఈ నైపుణ్యం పెట్టుబడి అయిందని నా అభిప్రాయం. హైదరాబాద్ ఐటీ కథను 1990ల చివరి భవనాలతో మొదలుపెట్టే రచనలు ఈ దశను దాటవేస్తున్నాయి.

హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో, మన్మాడ్ రైలు మార్గంపై ఉన్న కామారెడ్డి వ్యాపార కేంద్రం, బెల్లం మార్కెట్‌కు పేరుపడ్డ ఊరు. ఎల్లారెడ్డి పాత తాలూకా కేంద్రం. ఇలాంటి చోట్ల ఈ చరిత్రకు ఆధారాలు వెదకదలచిన పరిశోధకులు కంపెనీల ప్రచురణలను గాక స్టాక్ రిజిస్టర్లను, పనికిరానివిగా తీసివేసిన సామగ్రి జాబితాలను, సర్వీసు ఇంజనీర్లు వదిలి వెళ్లిన కాల్ రిపోర్టులను, సిబ్బంది శిక్షణలో రాసుకున్న నోట్సును చూడాలి. యంత్రం పేరు, మెమరీ, ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్ రాసి ఉండే కాగితాలు అవే. ఒక హెచ్చరిక అవసరం: 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి, 2016 అక్టోబర్ 11న కామారెడ్డి జిల్లా నిజామాబాద్ నుంచి విడివడింది. కనుక 1980ల, 90ల కాగితాలను నిజామాబాద్ జిల్లా పేరుతో, కొన్నింటిని పాత తాలూకా పేరుతో వెదకాలి. ఆ తరం గుమాస్తాలు, క్యాషియర్లు పదవీ విరమణ చేసి పాతికేళ్లు కావస్తోంది. వారి మౌఖిక కథనాలను సేకరించే పని ఆలస్యమయ్యే కొద్దీ కష్టమవుతుంది. పరికరాలను తుక్కు కింద వేలం వేసే ముందు కనీసం ఫ్లాపీలను, మాన్యువళ్లను విడిగా తీసి ఉంచాలని కళాశాల గ్రంథాలయాలు ఒక నియమం పెట్టుకోవడం మంచిది.

6. పాత వ్యవస్థను నేడు నడపడం

సిక్స్త్ ఎడిషన్‌ను ఇవాళ ఎవరైనా నడపవచ్చు. వారెన్ టూమీ ఆధ్వర్యంలోని యూనిక్స్ హెరిటేజ్ సొసైటీ పాత టేపులను సేకరించింది. 2002 జనవరిలో కాల్డెరా సంస్థ ఆ ఎడిషన్లను స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసింది. బాబ్ సప్నిక్ ప్రారంభించిన సిమ్‌హెచ్ అనే అనుకరణి పీడీపీ-11ను మామూలు ల్యాప్‌టాప్‌పై పునరుజ్జీవింపజేస్తుంది. రాబర్ట్ నోర్డియర్ సెవెన్త్ ఎడిషన్‌నే నేరుగా పీసీపైకి పోర్టు చేశాడు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ఆచార్యులు మొదట లయన్స్ టీకతోనే పాఠం చెప్పి, విద్యార్థులు మరుగునపడ్డ పీడీపీ-11 అసెంబ్లీ నేర్చుకోవలసి రావడం భారమై, 2006లో ఎక్స్‌వీ6 పేరుతో ఆధునిక ప్రాసెసర్ కోసం అదే నిర్మాణాన్ని కొత్తగా రాశారు.

అనుకరణి, పోర్టు, పునర్రచన – ఈ మూడూ ఒకటి కావు. అనుకరణి యంత్రపు దాగిన ఊహలను యథాతథంగా ఉంచుతుంది, అందుకే వాటిని చూపదు. పునర్రచన వాటిని తుడిచేస్తుంది. పోర్టు మాత్రమే వాటిని ఎదుర్కొని బయట పెడుతుంది. చరిత్ర బోధనకు మూడింటిలో పోర్టు ఎక్కువ ఉపకరిస్తుందని నేననడానికి కారణం ఇదే. కాని తరగతి గదిలో సులభంగా అందేది ఎక్స్‌వీ6, అందులోనూ తుడిచివేయని పాత గుర్తు ఒకటి మిగిలి ఉంది. దానికి వచ్చే ముందు తెలుగు అక్షరం గురించి చెప్పాలి.

7. ఎనిమిదో బిట్టు

తొలి యూనిక్స్ దృష్టిలో అక్షరం అంటే ఆస్కీ, అంటే ఏడు బిట్లు. బైటులో మిగిలిన ఎనిమిదో బిట్టును ఖాళీ జాగాగా భావించి ప్రోగ్రామర్లు సొంత పనులకు వాడుకున్నారు. సెవెన్త్ ఎడిషన్‌లో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్, ఉద్ధరణ చిహ్నాల్లో ఉన్న అక్షరాన్ని గుర్తించడానికి ఆ బిట్టునే వాడింది. ఇంగ్లీషులో పనిచేసేవారికి ఇందులో ఏ ఇబ్బందీ కనిపించలేదు. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై సీ-డాక్ చేతుల్లో స్థిరపడిన జిస్ట్ సాంకేతికత, 1991లో ఐఎస్ 13194గా ప్రమాణీకృతమైన ఇస్కీ సంకేతావళి, భారతీయ లిపులను సరిగ్గా ఆ ఎనిమిదో బిట్టు గల పై సగంలోనే అమర్చాయి. ఇంగ్లీషు కింది సగంలో, తెలుగు పై సగంలో. అంటే మన అక్షరాలు ఉండవలసిన చోట షెల్ తన గుర్తులు పెట్టుకుని కూర్చుంది. జిస్ట్ కార్డు డాస్ పీసీల్లో, జిస్ట్ టెర్మినల్ యూనిక్స్ యంత్రాల్లో తెలుగును తెరపై చూపగలిగాయి. కాని చూపడం వేరు, వ్యవస్థ ఆ బైటును చెడగొట్టకుండా ఒక చోట నుంచి మరో చోటికి అందజేయడం వేరు. ఎనిమిది బిట్లనూ ముట్టుకోకుండా వదిలే విధంగా షెల్‌ను, ఉపకరణాలను సరిచేసే పని 1980లలో యూరప్ భాషల ఒత్తిడితో జరిగింది. ఆ మరమ్మతు ఫలం మనకూ దక్కింది.

1992 సెప్టెంబర్‌లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్‌తో కలిసి ప్లాన్ 9 వ్యవస్థ కోసం యూటీఎఫ్-8ను రూపొందించాడు. ఇరవై మూడేళ్ల కిందట యూనిక్స్‌ను మొదలుపెట్టిన థాంప్సనే. యూనిక్స్ కెర్నల్ ఫైలు పేర్లలో రెండే రెండు బైట్లను ప్రత్యేకంగా చూస్తుంది: ఏటవాలు గీత, సున్నా. యూటీఎఫ్-8లో తెలుగు అక్షర సంకేతానికి పట్టే మూడు బైట్లలో ఆ రెండూ ఎన్నడూ రావు. పాత వ్యవస్థ ఊహలను తెలిసినవాడు వాటికి భంగం కలగకుండా కట్టిన వంతెన ఇది. ఈ పత్రిక పుటలు తెరపై కనిపించడం ఆ వంతెన మీదుగానే.

వంతెనకు సుంకం లేకపోలేదు. సిక్స్త్ ఎడిషన్‌లో డైరెక్టరీలోని ఒక్కో నమోదుకు 16 బైట్లు: ఐనోడ్ సంఖ్యకు రెండు, పేరుకు పద్నాలుగు. ఎక్స్‌వీ6 ఈ పద్నాలుగును అలాగే నిలుపుకుంది. ఇందాక చెప్పిన పాత గుర్తు ఇదే. ‘కామారెడ్డి’లో గుణింతాలను, పొల్లును విడివిడిగా లెక్కిస్తే పది సంకేతాలు, ‘ఎల్లారెడ్డి’లో పదకొండు. ఇస్కీలో ఒక్కో సంకేతానికి ఒక్క బైటే కనుక రెండు ఊళ్ల పేర్లూ 1975 నాటి పద్నాలుగు బైట్ల గదిలో హాయిగా పడతాయి. యూటీఎఫ్-8లో వాటికి వరుసగా 30, 33 బైట్లు కావాలి. పద్నాలుగు దగ్గర ఆగితే ‘కామా’ వరకు వచ్చి, తరువాతి ‘ర’లో మూడింట రెండు వంతులు మిగులుతుంది. ప్రయోగశాల పనిగా విద్యార్థులు ఎక్స్‌వీ6లో ఆ పరిమితిని మార్చి చూడవచ్చు. నమోదు పరిమాణం డిస్కు బ్లాకును శేషం లేకుండా భాగించాలి కనుక 16 తరువాత వచ్చేది 32, అంటే పేరుకు 30 బైట్లు. కామారెడ్డి అంగుళం కూడా మిగలకుండా అందులో ఇముడుతుంది. ఎల్లారెడ్డి కోసం నమోదును 64కు పెంచాలి. పెంచిన తరువాత పాత డిస్కు ప్రతిబింబాన్ని కొత్త కెర్నల్ చదవలేదు, ఫైల్ సిస్టమ్‌ను మళ్లీ మొదటి నుంచి నిర్మించుకోవాలి.